ఇంటి చీరలో ఫోటో

నేను చచ్చిపోతున్నానని నాకెవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. ఈ ఇంట్లో నాకు ఏదీ ఎవరూ చెప్పరు, అన్నీ నేనే కనిపెట్టుకోవాలి. మనవరాలు కారు గుద్దిందనీ, అల్లుడికి షుగరొచ్చిందనీ, ఇల్లు వేడి చేసే మిషను పాడైందనీ అన్నీ అలాగే తెలిశాయి. ముసలిదానికి చెప్తే కంగారు పడుతుందని వీళ్ళ ఉద్దేశం. చెప్పకపోతే పడనా? ఇంకా ఎక్కువ పడతాను.

ఈ సంగతి మొదలైంది వసుమతి పనిచేసే లైబ్రరీలో. వసుమతి నా కూతురు, నాకు ఒక్కతే. మా ఆయన పోయాక నన్ను అమెరికాలో ఈ పిస్కాటవేకి తెచ్చుకుంది. అల్లుడు గోపీనాథ్ మందుల కంపెనీలో కెమిస్టు. లైబ్రరీకి వెళ్ళే రోజుల్లో వసుమతి నన్ను కూడా కార్లో ఎక్కించుకుని పోతుంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే స్టౌ మీద ఏదో పెట్టి మర్చిపోతానని భయం. ఒక్కసారి మర్చిపోయాను. దాన్ని పట్టుకుని ఇప్పటికీ వేలాడుతున్నారు.

ఆ లైబ్రరీ పెద్దావిడ పేరు హెలెన్. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. ఇస్త్రీ అక్కర్లేని గుడ్డతో కుట్టిన ప్యాంటు, అదే రంగు కోటు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ఎప్పుడు చూసినా అదే. ఆవిడకొక ఆలోచన వచ్చింది. ఊళ్ళో పాతకాలం నుంచీ ఉన్న కుటుంబాలను అడిగి వాళ్ళ అమ్మమ్మల, నాయనమ్మల ఫోటోలు తెప్పించింది. పెళ్ళి ఫోటోలు వద్దు, చర్చికి వెళ్ళేటప్పుడు తీయించుకున్నవి వద్దు, రోజూ ఇంట్లోనూ వీధిలోనూ ఏం వేసుకుని తిరిగేవాళ్ళో అవే కావాలంది. వాటిని లైబ్రరీ గోడ నిండా పెడుతుందట. ఈ ఎనభై మూడులో పిల్లలు చూసి నేర్చుకోవాలట. ఏం నేర్చుకుంటారో నాకు తెలియదు కానీ, నాకు మాత్రం పొద్దుపోయింది.

బల్ల నిండా ముసలమ్మలు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. బట్టలు చూడ్డానికి ఇంగ్లీషెందుకు? ఒకావిడ గుడ్డలారేస్తోంది, పళ్ళ మధ్య రెండు క్లిప్పులు, పూల గౌను మీద ఏప్రను, ఏప్రను జేబులు ఇంకా క్లిప్పులతో ఉబ్బి ఉన్నాయి. ఇంకొకావిడ వరండా మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది, మేజోళ్ళు మోకాళ్ళ కిందికి చుట్టేసుకుంది, ఎండాకాలం కాబోలు. ఒకావిడకి పాదం పక్కన ఎముక పొడుచుకొచ్చినట్టుంది, మొగుడి బూట్లు తీసుకుని సరిగ్గా ఆ చోట కత్తితో కోసేసి తొడుక్కుంది. ఆవిడ నాకు తెగ నచ్చేసింది. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరికి టోపీలు, చేతులకు తొడుగులు, మోచేతి మడతలో బ్యాగులు. గుడ్లు కొనుక్కురావడానికి టోపీ ఎందుకో! మరొకావిడ తలనిండా జుట్టు రింగులు తిప్పే చుట్టలు పెట్టుకుని, పైన పల్చటి రుమాలు కట్టుకుని, ఇంట్లో వేసుకునే వదులు కోటుతోనే కొట్టు ముందు నిలబడి పకపకా నవ్వుతోంది. ఓర్నాయనో, ఎంత ధైర్యం అనుకున్నాను.

అన్నిటికంటే పాత ఫోటోలో ఒకావిడ మెడ దాకా గుండీలు పెట్టుకున్న నల్ల గౌనులో కూర్చుంది. ఒళ్ళో కోడి. గౌను మోచేతి దగ్గర మాసిక ఉంది. చక్కగా వేసుకుంది, దగ్గర పెట్టుకుని చూస్తే కానీ తెలియదు.

మా వాళ్ళలో ఇలాంటి ఫోటో ఒక్కటి చూపించండి! ఫోటో అనగానే పెట్టె తెరవాలి, పట్టుచీర దులపాలి, మెళ్ళో ఉన్నవీ లేనివీ దిగేసుకోవాలి. మా అమ్మకైతే ఫోటోనే లేదు. ఆవిడ పోయాక, ఎవరిదో పెళ్ళి గుంపు ఫోటోలోంచి తల ఒక్కటే తీసి పెద్దది చేయించారు. మిగతా మనిషినంతా స్టూడియో అతను రంగులతో గీశాడు. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, చేతులకు అరవంకీలు. మా అమ్మ జన్మలో అరవంకీ పెట్టలేదు. రోజూ కట్టిన ముతక నేత చీర, పైట కొంగు నడుముకి దోపుకునే తీరు, అవేవీ ఎక్కడా లేవు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు కనపడేది కూడా ఆ ఆకుపచ్చ చీరే. ఎంత కోపమొస్తుందో!

ఇక మా వైపు, ముసలివాళ్ళని ఒక్కళ్ళనే కూర్చోబెట్టి ఫోటో తీశారంటే అది దేనికో వీధి వీధంతటికీ తెలుసు. మా ఆయనకి ఒంట్లో బాగాలేనప్పుడు మా మరిది కొడుకు "ఊరికే పెదనాన్నా, సరదాగా" అంటూ తెనాలి తీసుకెళ్ళి స్టూడియోలో తీయించుకొచ్చాడు. ఆ ఏడాది తిరక్కుండా ఆ సరదా ఫోటోకే దండ వేశాం. ఇప్పుడది ఇక్కడ మా హాల్లో ఉంది, టీవీకి ఎదురుగా.

సరే, ఆ రోజు లైబ్రరీలో వసుమతి ఒక్కో ఫోటో కింద చిన్న అట్టముక్క అంటిస్తోంది. అట్ట మీద పేరు, పేరు కింద రెండు అంకెలు.

"ఈ నంబర్లేమిటే?" అన్నాను.

"పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అమ్మా."

"అందరూ పోయారా?"

"పోరా మరి? ఎప్పటి ఫోటోలివి!"

నేను చేతిలో ఉన్న బూట్లావిడని బల్ల మీద పెట్టేశాను. అంతసేపూ ఇరుగుపొరుగు వాళ్ళని చూస్తున్నట్టు చూశాను, ఇంతా చేసి ఒక్కళ్ళూ లేరు. వసుమతి జిగురు సీసా మూత పెట్టి నా వంక చూసింది. ఎప్పుడూ చూసేలా కాదు. తలనుంచి కాళ్ళ దాకా, మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"అమ్మా, నీ ఫోటో ఒకటి తీస్తాను."

"నాదా? ఈ గోడకా?"

"కాదు, నాకే కావాలి. నువ్వొక్కదానివే. ఇంట్లో ఎలా ఉంటావో అలా."

"ఎందుకే?"

"ఊరికే," అంది.

ఆ మాట మా మరిది కొడుకు నోట విన్నదే.

నా ఇంటి వేషం గురించి ఇక్కడ చెప్పాలి. నేత చీర, దాని మీద అల్లుడు పారేయబోతే నేను దాచుకున్న గోధుమరంగు స్వెటరు, మోచేతుల దగ్గర తోలు ముక్కలు అతికించినది. కాళ్ళకు మందపాటి మేజోళ్ళు, మేజోళ్ళ మీద రబ్బరు చెప్పులు. బొటనవేలు దగ్గర మేజోడుని లోపలికి నొక్కుకుంటే చెప్పు బాగానే పడుతుంది, కాస్త ఓపిక కావాలంతే. ఇంటికి ఎవరొచ్చినా వసుమతి నా చెవిలో ఒకటే గొణుగుడు, "అమ్మా, ప్లీజ్, ఆ స్వెటర్ తీసెయ్యి, చీర మార్చుకో, వాళ్ళు నేనేదో నిన్ను చూసుకోవట్లేదనుకుంటారు." అలాంటిది, ఆ వేషంలోనే ఫోటో కావాలంటోంది! నేను పోయాక తనకు గుర్తుండాలనే కదా? ఇంకేం అర్థముంటుంది?

అప్పటి నుంచి ఒక్కొక్కటీ కలుపుకుంటూ వచ్చాను. అంతకు ముందే దగ్గు తగ్గట్లేదని నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తం తీశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. "అంతా బాగుంది అత్తయ్యగారూ" అన్నాడు గోపీనాథ్. అంతా బాగుంటే కారులో వచ్చేటప్పుడు మొగుడూ పెళ్ళాం ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడుకోలేదు? తర్వాత ఆసుపత్రి వాళ్ళ ఫోన్లు. ఫోను మోగితే చాలు వసుమతి నాకంటే ముందు పరుగెత్తి, దాని పొడుగాటి తీగ లాక్కుంటూ బట్టలుతికే గదిలోకి పోయి తలుపేసుకునేది. బయటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉండేవి. సబ్బు పొడి పడిందంది. నేను సబ్బు పొడి చూడని దాన్నా?

అల్లుడు సంగతి సరేసరి. పదిసార్లు అడిగితే ఒకసారి తెచ్చే మనిషి, అడక్కుండానే న్యూయార్క్ దాకా డ్రైవ్ చేసుకుపోయి గోంగూర తెచ్చాడు. "తినండి అత్తయ్యగారూ, మీకిష్టం కదా" అని పక్కన నిలబడ్డాడు.  ఇంత మర్యాద దేనికి చేస్తారో నాకు తెలియదా?

అన్నిటికీ మించి, కాలేజీలో ఉండాల్సిన ఉష వారం మధ్యలో ఇంటికొచ్చేసింది. మనవరాలు ఎప్పుడూ పండక్కో సెలవులకో తప్ప రాదు. వచ్చీ రాగానే నన్ను గట్టిగా కావిలించుకుంది. ఆ సాయంత్రమే మెట్ల దగ్గర అల్లుడు దానితో మాట్లాడుతుంటే విన్నాను. పొంచి వినలేదు, నా ఇంట్లో నేను నడుస్తుంటే చెవిన పడింది. "బయాప్సీ రిజల్ట్ వచ్చేసింది... మండే మార్నింగ్ సర్జరీ... అమ్మమ్మకి మాత్రం చెప్పకు."

తేలిపోయింది. సోమవారం ఏదో చెకప్ అని చెప్పి తీసుకెళ్ళి, మత్తు ఇచ్చి కోసేస్తారు. లేవకపోతే లేవను. గోడ మీద ఆయన పక్కన ఫోటో సిద్ధంగా ఉంటుంది.

భయం వేసింది. అబద్ధమెందుకు? డెబ్బై రెండేళ్ళు వచ్చాయి, చాల్లే అని నోటితో అనుకున్నాను, ఒళ్ళు వినలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ దించి తుడిచి మళ్ళీ పెట్టాను. మేడ మీదికెళ్ళి సూట్‌కేసు తెరిచి సర్ది మూశాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఆవకాయ పెట్టడం వసుమతికి ఇప్పటికీ సరిగ్గా రాదు, ఆవపిండి కొలత నేను పక్కన నిలబడి చెప్పాల్సిందే. అది రాసి పెట్టనా? రాస్తే నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోతుంది. నేను పోతే ఇది ఎవరితో పోట్లాడుతుంది? అదే నన్ను ఎక్కువగా తినేసింది. వసుమతి బయట అందరి దగ్గరా మెత్తగా ఉంటుంది. లోపల ఉన్న చిరాకంతా నా దగ్గరే దింపుకుంటుంది. నాలాంటిది లేకపోతే అది ఏమైపోతుంది?

ఒక్కటి మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాను. గోడకెక్కేటట్టయితే ఆ స్వెటరుతో ఎక్కను. ఆ మేజోళ్ళతో అసలే ఎక్కను. మా అమ్మలాగా ఎవడో గీసిన చీరలోనూ ఎక్కను. నా మెరూన్ గద్వాల పట్టుచీర ఉంది, నేనే ఏరి కొనుక్కున్నది, అది కట్టుకుని నిజంగా కూర్చుని తీయించుకుంటాను. తర్వాత దండ వేసుకుంటారో, పూలు పెట్టుకుంటారో వాళ్ళిష్టం.

శుక్రవారం సాయంత్రం వసుమతి, ఉష తెచ్చిన కెమెరా పట్టుకుని వచ్చింది. అప్పటికప్పుడే ఫోటో బయటికొచ్చే రకం.

"అమ్మా, ఇప్పుడు తీసేదా? అలా స్టౌ దగ్గర నిలబడు."

"నేను చీర మార్చుకోవాలి. గద్వాల చీర కట్టుకుంటాను."

"వద్దమ్మా! ఇలాగే."

"ఇలాగా? ఇన్నేళ్ళూ ఈ స్వెటరు చూసి పరువు పోతోందన్నది నువ్వు కాదుటే?"

"అప్పుడన్నాను. ఇప్పుడు ఇలాగే కావాలి. నాకు ఆ పట్టుచీరలో వద్దు!"

"నీకొద్దా? ఫోటో ఎవరిదే? నాదా నీదా?"

వసుమతి కెమెరా బల్ల మీద టక్కున పెట్టేసి, "నీతో నేను పడలేనమ్మా, నిజంగా పడలేను" అని బయటికెళ్ళిపోయింది. నేను వెనక నుంచి అరిచాను, "ఇంకెన్నాళ్ళులే!" అని. అన్నాక నాకే ఏడుపొచ్చింది. స్టౌ ఆపేసి అక్కడే నిలబడి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఉషని పట్టుకున్నాను. "ఏమే, నీ కారులో నన్ను ఒకచోటికి తీసుకెళ్ళాలి. మాల్‌లో ఫోటోలు తీసే చోటు ఉందిగా, అక్కడికి. మీ అమ్మకి చెప్పకు."

"అమ్మమ్మా, ఇవ్వాళా? వై?"

"ఊరికే," అన్నాను. నాకు మాత్రం రాదా ఆ మాట?

పట్టుచీర కట్టుకుని, పైన ఉష పొడుగు కోటు కప్పుకుని బయలుదేరాను. మాల్‌లో పెద్ద బట్టల కొట్టు మేడ మీద ఒక మూల ఉంది ఆ స్టూడియో. గోడకి దించిన గుడ్డ మీద ఎర్రగా పండిన చెట్లు గీసి ఉన్నాయి. నాకు ముందు వరసలో చంకలో బిడ్డలను పెట్టుకుని తల్లులు. ముసలిదాన్ని నేనొక్కదాన్నే. ఫోటో తీసే ఆవిడ నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, కుచ్చిళ్ళు సర్ది, కెమెరా వెనక్కి పోయి ఒక చిలకబొమ్మ ఊపింది.

"స్మైల్ చెయ్యమంటోంది అమ్మమ్మా."

"చచ్చేవాళ్ళు నవ్వరని చెప్పు."

"వాట్?"

"దాచింది చాల్లేవే. నాకు తెలుసు. సోమవారం ఆపరేషన్ సంగతి తెలుసు. మీ నాన్న నీతో చెప్తుంటే విన్నాను."

ఉష కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. స్టూలు దగ్గరికొచ్చి నా ఒళ్ళో తలపెట్టేసుకుంది. పాపం, పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఎంత దాచుకుందో! నేను దాని తల నిమిరాను.

"ఏడవకే నా తల్లీ. నాకేం తక్కువైంది? నిన్ను ఎత్తుకు పెంచాను, నువ్వు కారు నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. ఇంకా ఎంత కాలం ఉంటారు మనుషులు? నేను పోయాక మీ అమ్మని మాత్రం..."

ఉష తలెత్తింది. "అమ్మమ్మా, నువ్వు ఎవరి గురించి మాట్లాడుతున్నావ్?"

"ఎవరి గురించేమిటే? నా గురించి."

"నీకు ఏమీ లేదు! నీ ఎక్స్‌రే క్లీన్. నువ్వు కాదు అమ్మమ్మా. మామ్."

నాకు అర్థం కాలేదు. అర్థమైనా కానట్టే చూశాను కాబోలు, ఉష నా రెండు చేతులూ పట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెప్పింది.

"మామ్‌కి బ్రెస్ట్‌లో లంప్ ఉంది. క్యాన్సర్. మండే సర్జరీ మామ్‌కి. నీకు చెప్పద్దు అని అందరితో ప్రామిస్ చేయించింది."

నాకు ఏమీ లేదంటే మనిషన్నవాళ్ళు సంతోషపడాలి కదా. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "అయ్యో" అని. నాదే అయి ఉంటే ఎంత బాగుండేది! అన్ని రోజులు భయపడి భయపడి ఎలాగో సిద్ధపడ్డాను, సూట్‌కేసు కూడా సర్దుకున్నాను, ఇప్పుడేమో నాది కాదట. దేవుడికి బుద్ధుందా? డెబ్బై రెండేళ్ళదాన్ని ఎదురుగా పెట్టుకుని నలభై ఎనిమిదేళ్ళ దాని మీదికి పోతాడా? స్టూలు మీద నుంచి దిగాను. చిలకబొమ్మ పట్టుకున్న ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది. ఫోటో వద్దని చెయ్యి ఊపి, ఉష భుజం పట్టుకుని బయటికి నడిచాను.

 కారులో నేను లోపల పోగేసిన గుర్తులన్నీ మళ్ళీ ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. డాక్టరు దగ్గర నుంచి వచ్చేటప్పుడు మాట్లాడుకోనిది నా గురించి కాదు. సబ్బు పొడి కళ్ళు నా కోసం కాదు. గోంగూర తెచ్చింది నా మీద జాలితో కాదు, ఇంట్లో ఎవరో ఒకరు సంతోషంగా తినడం చూడాలని ఆ పిచ్చివాడికి అనిపించి ఉంటుంది. ఇంత తెలివైనదాన్ననుకునే నేను ఎంత పప్పులో కాలేశాను! ప్రతిదీ నా చావుకే అనుకున్నాను, కళ్ళముందు కూతురు చిక్కిపోతుంటే అది కనపడలేదు.

ఇంటికొచ్చేసరికి గోపీనాథ్ పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. ఊడ్చినచోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. నేను తిన్నగా మేడ మీదికి పోయి పట్టుచీర విప్పేసి, నేత చీర చుట్టుకుని, స్వెటరు తొడుక్కుని, మేజోళ్ళు వేసుకుని కిందికి దిగాను. తొందరలో గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పడ్డాయి. పడితే పడ్డాయి.

వసుమతి సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. నైటీ మీద పాత చున్నీ, జుట్టు పైకి మడిచి క్లిప్పు పెట్టుకుంది.

"ఉష చెప్పేసింది," అన్నాను.

కుళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు. "దానికి నోరాగదు."

"దాన్నేమీ అనకు. నాకు సమాధానం చెప్పు. నేను నీ కన్నతల్లినా, పక్కింటిదాన్నా?"

"నువ్వు తట్టుకోలేవనమ్మా."

"తట్టుకోలేనా? ఈ రెండు వారాలూ నేనే చచ్చిపోతున్నాననుకుని పప్పు వండాను, బట్టలు మడత పెట్టాను, నీతో పోట్లాడాను. నీకేమైనా తెలిసిందా?"

ఇప్పుడు ఇటు తిరిగింది. "ఏమిటీ? నువ్వా? నువ్వెందుకు చచ్చిపోతావు?"

"ఒక్కదానివే నిలబడు, ఫోటో తీస్తానంటే ఏమనుకోమంటావే? తెనాలిలో పుట్టినదానివేనా నువ్వు?"

నోరు తెరుచుకుని నన్ను చూసింది. తర్వాత తడి చేతులతోనే ముఖం కప్పేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. రెండూనూ.

"అయ్యో అమ్మా... అది నా కోసం. హాస్పిటల్‌లో రాత్రుళ్ళు ఎవర్నీ ఉండనివ్వరు. లైబ్రరీలో ఆ ముసలమ్మల ఫోటోలు అంటిస్తుంటే అనిపించింది, నీది నా దగ్గర ఇలాంటిది ఒక్కటి కూడా లేదని. పక్కన పెట్టుకుందామని. పొద్దున్నే నా గదిలోకి ఎలా వస్తావో అలా, ఈ స్వెటర్, ఈ సాక్స్. పట్టుచీరలో నువ్వు నాకు ఎవరోలా ఉంటావమ్మా. దానితో నేను మాట్లాడలేను."

 దగ్గరికి పోయి దాని చేతులు నా స్వెటరుకి తుడిచాను. చల్లగా ఉన్నాయి. ఎముకలు తగిలాయి.

"సరే, తియ్యి మరి," అన్నాను.

వసుమతి కెమెరా తీసుకుంది కానీ కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది. ఉష అందుకుంది. "నేను తీస్తాను. అమ్మమ్మా, నువ్వు స్టౌ దగ్గర ఉండు. ముందు లైట్ చూడాలి. మామ్, కదలకు, నిన్ను ఒకటి తీస్తా, టెస్ట్."

నేను స్టౌ దగ్గర నుంచి చూశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. వసుమతి ఒక్కతే సింకుకి ఆనుకుని నిలబడి ఉంది. చెంప మీదికి జారిన జుట్టు వెనక్కి తోసుకుని, కూతురు అడిగింది కదా అని కాస్త నవ్వబోయింది. ఉష కెమెరా కంటి దగ్గర పెట్టుకుంది.

"వద్దు! దాన్ని తియ్యకు! ఒక్కదాన్నే తియ్యకు!"

ఆ అరుపు నాదేనని తర్వాత తెలిసింది. స్టౌ దగ్గర నుంచి సింకు దగ్గరికి ఎలా వచ్చానో నాకే తెలియదు. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషిని, బల్ల తోసుకుంటూ వచ్చి కూతురికీ కెమెరాకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. ఫెళ్ళున లైటు వెలిగింది. కెమెరా గుర్రుమని ముందు నుంచి ఒక అట్ట కక్కింది.

ఉష బిత్తరపోయింది. "అమ్మమ్మా! వాట్ హాపెన్డ్?" దానికి అర్థం కాలేదు, ఇక్కడ పుట్టిన పిల్ల. అర్థం కాకపోవడమే మంచిది. వసుమతికి అర్థమైంది. వెనక నుంచి రెండు చేతులతో నన్ను చుట్టేసి, నా వీపు మీద ముఖం పెట్టి నిలబడిపోయింది.   దాని ఊపిరి స్వెటరులోంచి వెచ్చగా తగులుతూ ఉంటే, అలాగే ఉండమని మొక్కుకున్నాను.

అట్ట మీద నెమ్మదిగా బొమ్మ తేలింది. నా చేతుల్లోంచి లాక్కోబోతే ఉషకివ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి పోయి, ముందుకీ వెనక్కీ పెట్టి చూశాను. నోరంతా తెరుచుకుని, ఒక చెయ్యి ముందుకు చాపి, వంకర గుండీలతో, ఒక చెప్పు ఎక్కడో పోగొట్టుకుని నేను. పక్కన స్టౌ అంచు. అంతే.

"మీ అమ్మ పడలేదు కదా? నీకేమైనా కనపడుతోందా?" అని ఉషని అడిగాను.

"మామ్ అసలు లేదు అమ్మమ్మా. నువ్వే ఫుల్‌గా ఉన్నావ్."

"సరిగ్గా చూడు."

"చూశాను. చెయ్యి కూడా లేదు."

అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

వసుమతి ఆ ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. "ఇదే తీసుకెళ్తాను," అంది.

"అదా? రాక్షసిలా అరుస్తోంది అందులో!"

"రోజూ ఇలాగే కదమ్మా ఉంటావు."

ఇది నిన్నటి సంగతి. రేపు సోమవారం. ఆపరేషన్ చాలాసేపు పడుతుందట, మీరు ఇంట్లోనే ఉండండి అత్తయ్యగారూ, అక్కడ చలిగా ఉంటుంది, కూర్చోలేరు అంటున్నాడు గోపీనాథ్. నేను వెళ్తున్నాను. ఈ స్వెటరుతోనే, ఈ మేజోళ్ళతోనే వెళ్తున్నాను. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నన్ను చూడాలి, కళ్ళు తెరిచాక మళ్ళీ నన్నే చూడాలి. వద్దనమనండి, చూస్తాను.